జబరూ జేరూ లేని ఉత్తరం

దీనమ్మ తెచ్చి మిషను బల్ల మీద పడేసింది
నల్లటి అబాయా.
"రొయ్యల షెడ్డులో కట్టుకోడానికి
రెండు ఏప్రాన్లు తీసిపెట్టు అబీబమ్మా,
నలుపైతే మరక కనపడదు."

పదకొండేళ్ళు ట్రంకుపెట్టె అడుగున పడున్న గుడ్డ.
కలరా ఉండల వాసన, దాని కింద
ఇంకేదో అత్తరు, మా రాజోల్లో దొరకనిది.

కత్తెర తీశాను గానీ చెయ్యి ఆడలేదు.
నా వెనక మేకుకి నాదీ ఒకటి వేలాడుతోంది.
నరసాపురం మేనత్తగారింటికి వెళ్ళినప్పుడల్లా
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాక తొడుక్కుంటాను,
తిరుగు పంటులో మడత పెడతాను.
ఏటి మధ్యలో ఎక్కడో నేను మారే గీత ఉంది,
నీళ్ళకి తెలీదు.

"దీని మీద అంత కోపమేంటే?"
"గుడ్డ మీద కోపమేంటి, తాళం మీద గానీ."

కుట్లు విప్పుతుంటే చెప్పుకొచ్చింది.
రియాద్‌లో ఇల్లు. బయటి నుంచి తాళం.
ఇకామా కఫీల్ దగ్గర, పాసుపోర్టు కఫీల్ దగ్గర,
సరే, తను పనిమనిషి.
మరి మేడమో?
పన్నునొప్పి వచ్చిన రాత్రి ఆయన ఊళ్ళో లేడు.
తొమ్మిదేళ్ళ ఫహద్‌ని నిద్ర లేపి, మొహం కడిగి,
కుడిచెప్పు ఎడమకి తొడిగి,
వాడి వేలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళిందట తల్లి.
దారంతా వాడు నిద్రలో తూలుతుంటే
మగతోడుని తనే చంకనేసుకుని.

"ఆవిడ పేరేంటి?"
"ఉమ్ ఫహద్. ఫహద్ వాళ్ళమ్మ. ఇంకో పేరు వినలేదు."
నవ్వబోయి ఆగాను.
మిషను నాది, అప్పు నాది.
కొట్టు బోర్డు మాత్రం మస్తాన్ టైలర్స్, మా అన్నయ్య.

కూతురు రీమ్, పద్దెనిమిదేళ్ళది.
కాలేజీ కాయితం మీద తండ్రి సంతకం ఒక్కటే కావాలి.
పెట్టలేదు.
అర్ధరాత్రి వంటింట్లో దీనమ్మ దగ్గర కూర్చుని
లేసు అల్లేదట, అల్లి విప్పేదట.

"వాళ్ళ దేశం అంతేలే" అన్నాను.
దీనమ్మ ఊరుకునే మనిషా.
"మొన్న చెరువు గట్టు మీద మేస్త్రీ ఏమన్నాడు?
ముట్టయినోళ్ళు అడుగెడితే రొయ్యకి తెల్లమచ్చంట.
మా నెలలు రాసుకోడానికి పుస్తకం పెట్టాడు!"
కాసేపు ఆగి తనే అంది:
"అయినా రెండూ ఒకటి కాదులే.
ఆ పుస్తకం నేను చెరువులోకి గిరాటేశాను.
ఇంటికొచ్చి అన్నం తిన్నాను.
అక్కడైతే..."

అంచు మడతలో బ్లేడు దేనికో తగిలింది.
నాలుగు మడతల కాయితం.
విమానం ఎక్కే ముందు రోజు
అంచు ఊడిందని ఆ పిల్లే కుట్టిందట.

"చదువబీబమ్మా, మీ భాషే గదా."
అక్షరాలు వచ్చు నాకు. అర్థం ఎవరూ నేర్పలేదు.
చిన్నప్పటి నుంచీ ఖురాను అలాగే చదివాను,
కళ్ళకద్దుకుని, తెలీకుండా.
దీనమ్మకి ఒక్క అక్షరం రాదు,
వంటింటి అరబ్బీ మాత్రం గడగడా.

పిల్ల జబరూ పెట్టలేదు, జేరూ పెట్టలేదు.
బే, అలిఫ్, బే. "బాబ్" అన్నాను.
"తలుపు!" అంది.
మీమ్, ఫే, తే. "మఫ్తా?"
"మిఫ్తా! తాళంచెవి."
"అనా." "నేను."
తర్వాత మాట, బే, కాఫ్, రే. "బక్రా" అన్నాను.
మేకేంటే మధ్యలో అని
కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.
నవ్వుతూనే ఆగిపోయింది దీనమ్మ.
"మేక కాదు.
బుక్రా. రేపు."

తలుపు. తాళంచెవి. నేను. రేపు.
మధ్యవి మాకు రాలేదు.
ఆ రేపు పదకొండేళ్ళ కిందటిది.

షెడ్డు వ్యాను వచ్చి రెండుసార్లు హారను కొట్టింది.
దీనమ్మ లేవలేదు.
కాయితం బల్బు దగ్గరికి జరిపి
మళ్ళీ మొదటి అక్షరం దగ్గర
వేలు పెట్టాను.